మంచు బొమ్మలో ఎన్ని తెలుపులు: డైమండ్ పెయింటింగ్ చిక్కులు విప్పి చూస్తే

మా కర్నూలు జిల్లాలో వజ్రాలు అనగానే ఎవరికైనా తుగ్గలి, జొన్నగిరి చేలే గుర్తొస్తాయి. తొలకరి వాన పడి పైమట్టి కొట్టుకుపోగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి, నడుము వంచి, చేనంతా కళ్లతోనే జల్లెడ పడతారు. అందుకని ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నేను హాల్లో కింద కూర్చుని చిన్న కవరు చింపి తళతళలాడే పలుకుల్ని ట్రేలో పోస్తుంటే, మా అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయి "ఏందమ్మీ అవి, వజ్రాలా? యాడ దొరికినాయి?" అని అడిగింది. "వజ్రాలు కాదవ్వా, ప్లాస్టిక్‌వే. బొమ్మ మీద అతికించేటివి" అన్నాను. ఆమె నమ్మలేదు, ఒకటి చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూసింది.

దాన్ని డైమండ్ పెయింటింగ్ అంటారు. పేరులో పెయింటింగ్ ఉంది గానీ కుంచె పట్టేది లేదు, రంగులు కలిపేది లేదు. జిగురు పూసిన గుడ్డ మీద చిన్న చిన్న గళ్లు, ప్రతి గడిలో ఒక గుర్తు, ఒక్కో గుర్తుకి ఒక్కో రంగు. మైనం అద్దిన పెన్ను మొనతో ఆ రంగు పలుకు తీసి ఆ గడిలో ఒత్తాలి, అంతే పని. నేను కొన్నది చలికాలం బొమ్మ: చెక్క ఇల్లు, దాని కప్పు మీద మందంగా మంచు, వెనక దేవదారు చెట్లు, ముందు గడ్డకట్టిన చెరువు, కిటికీలో పసుపు వెలుగు. బయట 42 డిగ్రీల ఎండ మండుతుంటే లోపల కూర్చుని మంచు అతికిస్తుంటే బాగుంటుందనిపించి కొన్నాను.

ఆఫీసు నుంచి వచ్చాక మనసు తేలిక పడుతుందని మొదలుపెట్టిన పని, మొదటి వారం మెడ నొప్పి, కళ్ల మంట, తప్పుగా అతికించిన నాలుగు వందల పలుకుల్ని ఒక్కొక్కటిగా పీకే పని మిగిల్చింది. చాలామంది సరిగ్గా ఇక్కడే కిట్టు చుట్టి అటక మీద పడేస్తారు, "నాకు అంత ఓపిక లేదులే" అనుకుంటారు. మీ ఓపికకి ఏ లోటూ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పలుకులో, జిగురులో, గళ్లలో, గదిలో వెలుతురులో కొన్ని చిక్కులున్నాయి, మంచు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అవన్నీ ఒక్కచోట చేరతాయి. తెల్లగా, ఖాళీగా, సులువుగా కనిపించే మంచు బొమ్మే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది. ఎందుకు కష్టమో తెలిస్తే ఏ టెన్షన్ ఎక్కడ నుంచి వస్తోందో తెలుస్తుంది, దాన్ని తీసేయడం పెద్ద పనేమీ కాదు.

ముందు మాటలు. ఈ పలుకుల్ని అందరూ డ్రిల్స్ అంటారు. గోడకు బెజ్జం పెట్టే డ్రిల్లుకీ దీనికీ సంబంధం ఏమిటా అని నేనూ చాలా రోజులు అనుకున్నాను. చైనా భాషలో 'జువాన్' అనే ఒకే మాటకి బెజ్జం వేసే డ్రిల్లు అనీ, వజ్రం అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఈ కిట్లు ఎక్కువగా చైనా నుంచే వస్తాయి కాబట్టి, అనువాదంలో వజ్రం కాస్తా డ్రిల్లుగా మారి అదే పేరు నిలిచిపోయింది. ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 5డీ అనే మాట పలుకు పైభాగంలో ఎన్ని ముఖాలు వచ్చేలా అచ్చు పోశారన్న దాని గురించి. ముఖాలు పెరిగే కొద్దీ తళుకు పెరుగుతుంది. 3డీ అని రాసి ఉన్నా 5డీ అని రాసి ఉన్నా అతికించే తీరు ఒకటే, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా వద్దా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

తళుకు గురించి ఒక్క విషయం మాత్రం మంచు బొమ్మ చేసేవాళ్లు తెలుసుకోవాలి. అసలు వజ్రం వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 2.42. ఈ పలుకులు పోసే ప్లాస్టిక్ రెజిన్‌ది సుమారు 1.5. సానబట్టిన వజ్రంలోకి దూరిన వెలుగు లోపలి గోడలకి తగిలి తగిలి మళ్లీ పైకే వస్తుంది, అందుకే అది మండుతున్నట్టు మెరుస్తుంది. రెజిన్‌కి ఆ శక్తి లేదు, లోపలికి వెళ్లిన వెలుగు చాలావరకు కిందికి జారిపోతుంది. ముదురు నీలం, నలుపు పలుకుల్లో రంగు దట్టంగా ఉంటుంది కాబట్టి మనకేం తెలియదు. తెలుపులో మాత్రం తెలుస్తుంది. గుడ్డ మీద అచ్చువేసిన నల్లటి గుర్తు తెల్ల పలుకులోంచి మసకగా పైకి కనిపిస్తుంది, దూరం నుంచి చూస్తే మంచు మీద మసి చల్లినట్టు ఉంటుంది. నేను చేసిన తప్పేమిటా అని రెండు రోజులు ఆలోచించాను. తప్పు నాది కాదు, గుర్తుల్ని అంత నల్లగా అచ్చు వేసిన గుడ్డది. కొనే ముందు అతికించడం పూర్తయిన ఫొటోలు దగ్గరగా తీసినవి ఎవరైనా పెట్టారేమో చూడండి. తెల్లటి చోట గుర్తులు లేత బూడిద రంగులో ఉంటే ధైర్యంగా కొనొచ్చు.

తర్వాత లెక్క. ఒక్కో చతురస్రపు పలుకు 2.5 మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరుకి నాలుగు, చదరపు సెంటీమీటరుకి పదహారు. 30 బై 40 సెంటీమీటర్ల నా బొమ్మలో అడ్డంగా 120, నిలువుగా 160 గళ్లు, మొత్తం 19,200 పలుకులు. 40 బై 50 అయితే 32,000. 60 బై 80 అయితే 76,800. మొదట్లో నేను గంటకి ఐదు వందలు పెట్టగలిగాను, ఆ లెక్కన నా బొమ్మకి 38 గంటల పైనే, రోజుకో గంట కూర్చుంటే నెల దాటి వారం. ఇది ముందే వేసుకోవాల్సిన లెక్క. వారంలో అయిపోతుందనుకుని కూర్చున్నవాళ్లకి పదో రోజు విసుగు పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అలాగని మరీ చిన్నది కొన్నా బాగుండదు. 20 బై 20లో 6,400 గళ్లే ఉంటాయి, అంత తక్కువ గళ్లలో ఇల్లు ఇల్లులా, చెట్టు చెట్టులా కనిపించదు, మంచంతా తెల్లటి ముద్దలా అయిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, రంగులు. ప్రతి కవరు మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్లు డీఎంసీ అనే దారాల కంపెనీవి, ఇవాళ ఫ్రాన్స్‌లో ఉన్న మూలూజ్ పట్టణంలో 1746లో మొదలైన కంపెనీ అది. చేతి కుట్టు దారాలకి వాళ్లిచ్చిన నంబర్లనే ఈ పలుకులకీ వాడుకుంటున్నారు. క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్లని నిద్రలో లేపి 310 అంటే ఏ రంగని అడిగినా నలుపు అంటారు. ఈ పద్ధతి వల్ల మంచి లాభం ఏమిటంటే, పలుకులు తక్కువ పడితే నంబరు చెప్పి అదే రంగు విడిగా తెప్పించుకోవచ్చు. చిన్న నష్టం కూడా ఉంది. నంబరు ఒకటే అయినా ఒక ఫ్యాక్టరీ రంగూ ఇంకో ఫ్యాక్టరీ రంగూ అచ్చం ఒకేలా రావు. ఆకుపచ్చలో ఆ తేడా ఎవరికీ పట్టదు, తెలుపులో పడుతుంది. కాబట్టి కొత్తగా తెప్పించిన తెలుపుని ఒకేచోట గుంపుగా పెట్టకుండా పాతదాంతో కలిపి వాడండి.

నా కిట్టులో తెలుపు అని పిలవదగ్గవి ఆరున్నాయి. మామూలు తెలుపు, మెరిసే తెలుపు 5200, కాస్త మీగడ రంగు కలిసిన 3865, ముత్యపు బూడిద 762, పుట్టిన బిడ్డ బట్టల్లాంటి లేత నీలం 775, ఇంకా దానికి దగ్గరగా ఉండే 3841. ట్రేలో పోశాక 5200కీ 3865కీ తేడా కనిపెట్టడం ఎంత కష్టమో చెప్పలేను. మీగడకీ పాలకీ ఉన్నంత తేడా. ఆ నాలుగు వందల పలుకుల తప్పు ఇక్కడే జరిగింది. ఆ రాత్రి హాల్లో ట్యూబ్‌లైటు పోతే మూలనున్న పసుపు బల్బు వేసుకుని కూర్చున్నాను, రెండు కవర్లూ ఒకేసారి విప్పాను, ఒకటి అయిపోయిందనుకుని రెండోది పోశాను. పొద్దున కిటికీ తెరిస్తే ఇంటి కప్పు మీద మంచు సగం తెల్లగా, సగం పాతబడిన పంచెలా ఉంది. పసుపు బల్బు వెలుగులో నీలం పాలు తక్కువ. ఒక తెలుపుకీ ఇంకో తెలుపుకీ తేడా ఉండేదే ఆ కొద్దిపాటి నీలంలో, పసుపులో. వెలుగులోనే నీలం లేకపోతే కన్ను దేన్ని పోల్చి చూస్తుంది? పగటి వెలుతురు లేనప్పుడు పెట్టె మీద 6500కె, కూల్ డేలైట్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బు వేసుకోండి. ఒకసారి ఒక తెల్ల కవరే విప్పండి, మిగిలినవి మళ్లీ కవర్లో పోసి నంబరు రాసి మూసేశాకే రెండోది. మెడనొప్పి తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, పోయింది కూడా ఈ రెండు అలవాట్లతోనే.

ఇంతలో అవ్వ రోజూ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు "మంచంటే తెల్లగా కదమ్మీ ఉండేది, నువ్వేంది నీలాలు పెడతాండావు?" అంది. మంచి ప్రశ్న. మనకి తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసం పొద్దున తుంగభద్ర మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద బొట్టుబొట్టుగా నిలిచేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. కురిసే మంచుని అవ్వ చూడలేదు, నేనూ చూడలేదు. అందుకే బొమ్మలో నీలం ఎందుకుందో మనకి వెంటనే అర్థం కాదు.

మధ్యాహ్నం అవ్వని మిద్దె మీదికి తీసుకెళ్లి ఆరేసిన తెల్ల దుప్పటి చూపించాను. ఎండ పడే వైపు తెలుపు కాస్త పసుపుగా, మడత లోపల నీడలో ఉన్న తెలుపు నీలంగా కనిపిస్తుంది, కాసేపు నిలబడి చూస్తే గానీ పట్టుబడదు. ఎండ నేరుగా పడినచోట సూర్యుడి వెలుగు. నీడలో ఆ వెలుగు పడదు, పైనున్న నీలాకాశం వెలుగే పడుతుంది. తెల్ల వస్తువు ఏ వెలుగు పడితే ఆ రంగునే తిరిగి ఇస్తుంది కాబట్టి నీడ నీలంగా ఉంటుంది. మంచు ఇంకా తెలుపు, ఇంకా విశాలం, అందుకే దాని మీద చెట్టు నీడ పడితే చారలు చారలుగా నీలం కనిపిస్తుంది. "నీలిమందు పెట్టినట్టా?" అంది అవ్వ. దాదాపు అంతే. తెల్లబట్టలు పాతబడి పసుపెక్కితే మనం నీలిమందు నీళ్లలో ముంచేది ఆ పసుపుని నీలంతో కొట్టేయడానికే, కాస్త నీలం కలిసిన తెలుపే కంటికి ఎక్కువ తెల్లగా తోస్తుంది. బొమ్మ గీసినవాళ్లు చేసింది కూడా ఇదే పని: 775 పక్కన పెడితేనే 5200 వెలుగుతుంది, ఒక్క 5200 తోనే నింపితే సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

పక్కపక్కన పెట్టిన రెండు రంగులు దూరం నుంచి మూడో రంగుగా కనిపించడం మనకి కొత్త సంగతేమీ కాదు. ధర్మవరం చీరల్లో నెమలికంఠం రంగు చూడండి, పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, కట్టుకుని నడుస్తుంటే నీలమూ ఆకుపచ్చా కాని ఒక కొత్త రంగు కదులుతుంది. ఈ బొమ్మలో కూడా లేత నీలం, బూడిద, తెలుపు పలుకులు కలిసి మసక మంచు అవుతాయి. అయితే దగ్గర నుంచి చూస్తే గళ్లే కనబడతాయి, బొమ్మ కనబడదు. మన కంటి చూపు లెక్క ప్రకారం 2.5 మిల్లీమీటర్ల చుక్క పూర్తిగా కలిసిపోవాలంటే ఎనిమిది మీటర్ల పైన దూరం కావాలి. అంత పెద్ద హాలు ఎవరింట్లో ఉంటుంది! పక్కపక్క రంగులు దగ్గర దగ్గరవే కాబట్టి మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగితే చాలావరకు కలిసిపోతాయి, లేదా ఫోనులో ఫొటో తీసి చిన్నదిగా చూడండి. నేను ప్రతి సాయంత్రం లేచే ముందు ఒక ఫొటో తీసేదాన్ని. అంతసేపూ చుక్కల గందరగోళంలా ఉన్నది ఫోనులో చెరువు గట్టులా కనిపిస్తే ఆ తృప్తి వేరు.

ఇక్కడే కొన్ని బొమ్మలు మనల్ని ఊరికే కష్టపెడతాయి. ఫొటోని కంప్యూటర్లో వేసి ముప్ఫై రంగులకి తగ్గించినప్పుడు, లేని రంగుని చూపించడానికి సాఫ్ట్‌వేర్ ఉన్న రంగుల్ని గళ్లలో చల్లుతుంది. ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 1976లో ప్రచురించిన పద్ధతి ఈ పనికి ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. దానివల్ల ఒక రంగు మధ్యలో ఇంకో రంగు ఒంటరి పలుకులు చెల్లాచెదురుగా పడతాయి, ఈ పని చేసేవాళ్లు దాన్ని కన్ఫెట్టీ అంటారు. సాయంత్రపు ఆకాశంలో, చెట్ల ఆకుల్లో అది ప్రాణం పోస్తుంది. మంచులో మాత్రం తెలుపు మధ్యలో తెలుపు పడుతుంది, పది గుర్తులు వెతికి పది కవర్లు మార్చి పెట్టినా పూర్తయ్యాక తేడా కనిపించదు. చేతితో గీసి, రంగుల్ని చెక్కలు చెక్కలుగా విడగొట్టిన డిజైన్ అయితే మంచు దగ్గర చేయి హాయిగా సాగుతుంది. నా అభిప్రాయం అడిగితే, మొదటిసారి చేసేవాళ్లు సగానికి సగం మంచు ఉన్న బొమ్మ తీసుకోవద్దు, మూడో వంతు చాలు. అందులో ఒక కిటికీయో లాంతరో, పసుపో ఎరుపో ఎక్కడో ఒకచోట ఉండాలి. నేను ఆ కిటికీ గళ్లని బాగా అలసిపోయిన రోజుల కోసం అట్టే పెట్టుకున్నాను. గంట సేపు తెలుపు చూసిన కంటికి ఆ పసుపు ఎంత చలవో!

మంచు పూల గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. నా బొమ్మలో ఆకాశం నుంచి పెద్ద పెద్ద మంచు పూలు రాలుతుంటాయి. అతికిస్తూ రేకులు లెక్కపెడితే ఎనిమిది. నిజమైన మంచు పువ్వుకి ఆరు రేకులే ఉంటాయి, అరుదుగా మూడో పన్నెండో ఉండొచ్చు గానీ ఎనిమిది ఉండవు. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు మూలల గూళ్లలా అమరుతాయి, పువ్వు పెరిగే కొద్దీ ఆ ఆరు మూలల నుంచే చేతులు సాగుతాయి. ఆరే ఎందుకని కెప్లర్ 1611లోనే ఒక చిన్న పుస్తకం రాశాడు, అప్పటికి అణువుల సంగతి ఎవరికీ తెలియదు. 1936లో జపాన్‌లోని హొక్కైడోలో ఉకిచిరో నకాయా ప్రయోగశాలలో మొదటిసారి మంచు పువ్వుని పెంచి చూపించాడు, కుందేలు వెంట్రుక మొన మీద.

మరి కిట్లలో ఎనిమిది ఎందుకొస్తుంది? గళ్ల వల్ల. చతురస్రపు గళ్లలో అడ్డం, నిలువు, ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా గీత సాఫీగా వస్తుంది, అలా గీస్తే రేకులు వాటంతటవే ఎనిమిది అవుతాయి. ఆరు రావాలంటే రెండు రేకులు నిలువుగా, మిగిలిన నాలుగూ 30 డిగ్రీల వాలులో ఉండాలి, అంటే ఏడు గళ్లు పక్కకి జరిగితే నాలుగు గళ్లు పైకి. ఆ గీత మెట్లు మెట్లుగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. పువ్వు పెద్దదైతే పర్వాలేదు, పదిహేను గళ్ల పువ్వులో అది విరిగిన కాలులా కనిపిస్తుంది. బొమ్మ గీసినవాళ్లు సులువు దారి పట్టారు.

ఇది చెబుతుంటే అవ్వ ఠక్కున "సందు చుక్కలు పెట్టుకోవాల్సింది" అంది. నేను ఒక్క క్షణం అలాగే ఉండిపోయాను. ముగ్గు వేసేవాళ్లందరికీ తెలుసు, ఎదురు చుక్క అంటే ఒకదాని కింద ఒకటి వరసగా, సందు చుక్క అంటే పై రెండు చుక్కల సందులో కింది చుక్క. ఎదురు చుక్కలు చతురస్రపు గళ్లు. సందు చుక్కల్లో ఒక్కో చుక్క చుట్టూ సరిగ్గా ఆరు చుక్కలుంటాయి. పదిహేను చుక్కలు పెట్టి ఎనిమిది వచ్చేదాకా అటూ ఇటూ సందు చుక్కలు తగ్గించుకుంటూ పోతే ఆరు మూలల ఆకారం తయారవుతుంది, మంచులో నీటి అణువులు కూర్చునే తీరుకీ దానికీ అంత దగ్గర పోలిక. సంక్రాంతికి వాకిట్లో మన ఆడవాళ్లు ఏళ్ల తరబడి వేస్తున్న ముగ్గులో మంచు పువ్వు ఇమిడినంత చక్కగా ఆ కిట్టులో ఇమడదు. ఈ మాట మా అవ్వ నోట వచ్చినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

పలుకుల ఆకారం గురించి ఎక్కువ చెప్పను. చతురస్రపువి పక్కపక్కనే కుదురుకుంటే గుడ్డ కనిపించదు, గడిలో కూర్చున్నప్పుడు చిన్న టక్కుమనే చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు కోసమే చేసేవాళ్లున్నారు. కానీ ఒకటి వంకరైతే వరసంతా వంకర. ఒక గడి వదిలి ఒక గడి పెట్టి, తర్వాత ఖాళీల్లో నింపితే వరస చెదరదు. గుండ్రటివి వంకర పోవు, చేయి వేగంగా సాగుతుంది, మధ్యమధ్యలో సందులుంటాయి. ఆ సందుల్లోంచి నల్ల గుర్తులు తొంగిచూస్తాయి కాబట్టి మంచు బొమ్మకి చతురస్రపువే నయం అంటాను. ఇక ఏబీ అని రాసిన పలుకులు: వర్షం పడ్డ రోడ్డు మీద డీజిల్ చుక్కలో ఇంద్రధనుస్సు రంగులు కదులుతాయే, అలా పలుచని పూత వల్ల రంగులు మారే పలుకులవి. అరోరా బొరియాలిస్, అంటే ఉత్తర ధ్రువం వైపు ఆకాశంలో కనిపించే వెలుగులు, ఆ పేరు మీద 1950ల్లో స్వరోవ్‌స్కీ కంపెనీ క్రిస్టియన్ డియోర్‌తో కలిసి గాజు రాళ్లకి తెచ్చిన పూత నుంచి వచ్చిన పేరు ఇది. మంచు అంచుల్లో అక్కడక్కడ పెడితే ఎండ తగిలినట్టుంటుంది. మంచంతా వాటితో నింపిన కిట్లూ ఉన్నాయి, నాకు నచ్చలేదు, నీలినీడలన్నీ ఆ తళుకులో కొట్టుకుపోతాయి.

ఇక మన ఊరి ఎండ. ఈ కిట్లతో వచ్చే సలహాలు ఎక్కడో చల్లటి దేశంలో కూర్చుని రాసినవి, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోటుకి అవి సరిపోవు. మే నెలలో పెన్నుతో వచ్చే గులాబీ రంగు మైనం వెన్నలా అయిపోతుంది, ఎక్కువ అంటుకుని పలుకు మొహాన పూసుకుపోయి తళుకు చచ్చిపోతుంది. దాన్ని మూతున్న చిన్న డబ్బాలో పెట్టి మట్టికుండ పక్కన ఉంచితే చాలు. పూర్తయినచోట జిగురు మెత్తబడి పలుకులు జరగకుండా బొమ్మని రేకుల షెడ్డు కింద, అటక మీద, బీరువా పైన పెట్టొద్దు. చుట్టి పెట్టాల్సి వస్తే పలుకుల వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టండి, లోపలికి చుడితే ఒకదాన్నొకటి నెట్టుకుని లేచిపోతాయి. ఎండాకాలం గాలిలో తేమ ఉండదు కాబట్టి పలుకులు కవరుకీ, ట్రేకీ, వేలికీ కరెంటు పట్టినట్టు అంటుకుంటాయి. ట్రేని కాస్త తడిగుడ్డతో తుడిచి ఆరాక పోస్తే ఆ బాధ తగ్గుతుంది. దుమ్ము సంగతి మన ఊళ్లో చెప్పనే అక్కర్లేదు. జిగురు మీద కప్పి ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని మొత్తం ఒకేసారి పీకొద్దు, బ్లేడుతో పైపైన అరచేయంత ముక్కలుగా కోసుకుని, పని చేసే ముక్క మాత్రమే తీయండి. ఫ్యాను వేగం తగ్గించండి. ప్లాస్టిక్ కాగితం బదులు వేసుకోవాలంటే సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ కావాలి, మామూలు బటర్ పేపర్ జిగురుకి అతుక్కుపోయి చిరిగింది, అది నేను చేసి చూసిందే.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. నేను చివరికి వంటింటి గట్టు పక్కనున్న కడప బండకి మారాను. నల్లగా నున్నగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, తెల్ల పలుకు జారిపడితే చీకట్లో మల్లెమొగ్గలా కనిపిస్తుంది. నిలబడితే నడుము ఎత్తుకి వస్తుంది, ఎత్తు స్టూలు వేసుకుని కూర్చున్నా మెడ వంచాల్సిన పని లేదు. ఆకాశం కోసం వాడే ముదురు నీలం 939 పడిపోతే మాత్రం వెతుక్కోవాల్సిందే.

ఇన్ని చెప్పాక, ఇందులో హాయి ఎక్కడుంది అని అడగొచ్చు. మా అవ్వ కార్తీకానికి లక్ష వత్తులు చేస్తుంది. ఆషాఢం నుంచే మొదలుపెడుతుంది, వేళ్లకి విబూది అద్దుకుని, పత్తి సాగదీసి, మెలితిప్పి, పక్కన పెట్టి, మళ్లీ పత్తి. టీవీ చూడదు, మాట్లాడితే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. ఎన్నైనాయి అవ్వా అంటే నూటికి ఒక కట్ట కట్టి లెక్క చెబుతుంది. ఆ చేతులకి ఏం చేయాలో తెలుసు, తర్వాత ఏం చేయాలో ఆలోచించక్కర్లేదు. రోజంతా ఆఫీసులో నేను చేసేది నిర్ణయాలే, ఈ ఫైలు ముందా ఆ ఫైలు ముందా, ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి ఏం చెప్పాలి. ఇంటికొచ్చాక గడిలో ఒక గుర్తు, ఆ గుర్తుకి ఒక కవరు, నిర్ణయం ఎవరో ముందే చేసి పెట్టారు. పెట్టిన ప్రతి పలుకూ పూర్తయిన పనే, రేపటికి మిగిలేది కాదు. చేయీ కన్నూ పనిలో ఉంటే మనసు దాని మానాన అది తిరిగొస్తుంది. అయితే పెట్టిన పలుకు సరైనదేనా, ఇది 5200నా 3865నా అన్న అనుమానం వచ్చిందంటే మళ్లీ నిర్ణయాలు మొదలు, హాయి అక్కడితో సరి. వెలుతురు, కవర్లు, మైనం, జిగురు గురించి ఇంతసేపు చెప్పింది ఆ అనుమానం రాకుండా చూసుకోవడానికే. టార్గెట్లు కూడా పెట్టుకోవద్దు. ఈ రోజు వెయ్యి అనుకున్న రోజున నేను గడియారం చూస్తూ అతికించాను, ఆ వెయ్యిలోనే ఎక్కువ వంకరలున్నాయి.

బొమ్మ జూన్ రెండో వారంలో పూర్తయింది, గోడకి ఎక్కింది. ప్రతి నంబరులోనూ కొన్ని పలుకులు మిగిలాయి. ఒక నల్ల అట్ట తీసుకుని, దాని మీద రెండువైపులా అంటుకునే టేపు వరసలుగా అతికించి, పక్కింటమ్మాయి కిట్టులో మిగిలిన గుండ్రటి తెల్ల పలుకులు అడిగి తెచ్చుకుని, అవ్వ చెప్పినట్టు పదిహేను నుంచి ఎనిమిది దాకా సందు చుక్కలు పెట్టాను. మొత్తం 169 పలుకులు, వెడల్పు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు. నడిమి చుక్క నుంచి ఆరు మూలలకీ ఆరు గీతలు, చేతుల మీద చిన్న కొమ్మలు లేత నీలం 775తో, మిగతావి తెలుపు. మెట్లు లేవు, వంకర లేదు. ఒక్క నడిమి చుక్క మాత్రం ఖాళీగా ఉంచి పెన్ను అవ్వ చేతికిచ్చాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసి, ముగ్గుపిండి తీసినట్టు రెండు వేళ్లతోనే పలుకు తీసి, ఆ ఖాళీలో పెట్టి బొటనవేలితో ఒత్తింది.